మూడో పిలుపు

ఆయన పోయాడని మా వకీలు ఫోన్ చేసి చెప్పాడు. మంగళవారం, ఉదయం ఎనిమిది నలభై.

"టీచరమ్మా, మన కోర్టు అటెండర్ నిన్న పోయిండట" అన్నాడు.

"నిన్న ఎన్ని గంటలకు?" అని అడిగాను.

"అది అడగలే."

వకీళ్ళు ఇంతే. ముఖ్యమైనది అడగరు.

ఫోన్ పెట్టేసి నా నోటుపుస్తకాలు తీశాను. ఆయనను నేను చూసింది మొత్తం ముప్ఫై మూడు సార్లు. అందులో ముప్ఫై ఒకటి వాయిదాలు. ఒకసారి బస్టాండులో. ఇంకొకసారి పెద్దపల్లి కూరగాయల మార్కెట్లో, వంకాయలను ఒక్కొక్కటే ఎత్తి వెలుగులో చూస్తూ. ఇన్నిసార్లు చూసిన మనిషి పేరు నాకు తెలియదు. ఆయన గొంతులోంచి కొన్ని వందల పేర్లు విన్నాను గానీ, ఆయన పేరు ఎవరైనా పిలవగా వినలేదు. మేజిస్ట్రేటు గారు బల్ల మీద గంట నొక్కేవారు. వకీళ్ళు "కాకా" అనేవారు. పోలీసులు చిటిక వేసేవారు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఆయన తెల్లబట్టలు, ఛాతీ మీద ఎర్రపట్టీ, ఇత్తడి బిళ్ళ చూసి ఆయనే జడ్జి అనుకొని దండం పెట్టేవారు. ఆయన ఆ దండాలను కాదనకుండా తీసుకొని, తర్వాత అసలు జడ్జి ఎక్కడ కూర్చుంటారో చూపించేవాడు.

ఒకసారి నేనే అడిగాను, "మీ పేరేమిటి?" అని.

"నాకెందుకు టీచరమ్మా పేరు? పిలిచేటోణ్ణి నేనే. నన్ను పిలిచేటోడు ఎవడున్నడు?" అన్నాడు.

నేను కోర్టుకు ఎందుకు వెళ్ళానో చెప్పకపోతే ఆయన సంగతి అర్థం కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో ముప్ఫై నాలుగేళ్ళ రెండు నెలలు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సభలో సంఘ కార్యదర్శి మైకు పట్టుకొని, "మన టీచరమ్మకు లెక్కలంటే ఎంత ప్రేమంటే, పుట్టిన తేదీ గూడ కూడి తీసేసి దిద్దుకున్నది. రెండేండ్లు ఎక్కువ నౌకరీ చేసింది" అన్నాడు. ఆ సభకు నూట నలభై ఆరు కుర్చీలు వేశారు. పదకొండు ఖాళీగా ఉన్నాయి. మిగతా అందరూ నవ్వారు, నా మేనకోడలితో సహా.

నా పుట్టిన తేదీ మా బాపు దగ్గరుండి బడి రిజిస్టరులో రాయించింది. జీవితంలో ఒక్క అంకె నేను దిద్దలేదు. పిల్లల మార్కులు కూడా దిద్దలేదు, అందుకు చాలామంది తల్లిదండ్రులు నాతో మాట్లాడరు. అలాంటి నన్ను మైకులో అంత మాట అన్నాడు. పోలీస్ స్టేషనుకు వెళ్ళాను. ఎస్సై ఎనిమిదో తరగతి నా దగ్గరే చదివాడు, భిన్నాలు రావు.

"టీచరమ్మా, దొంగతనమైతే మేం రాసుకుంటం. గిట్ల మాట అన్నడంటే మేం నేరుగ పట్టేది గాదు. మీరే కోర్టుకు పోయి ప్రైవేటు ఫిర్యాదు ఏసుకోవాలె" అన్నాడు.

అలా మొదటిసారి కోర్టు మెట్లెక్కాను. ఆ మెట్లు తొమ్మిది. తొమ్మిదో మెట్టు మీద ఆయన నిలబడి ఉన్నాడు.

"మొదటిసారా అమ్మా?"

"అవును."

"ఫికర్ జెయ్యకుర్రి. బస్సు ఎక్కినట్టే ఉంటది. ఫిర్యాదు ఇచ్చుడంటే టికెట్ అడిగినట్టు. సారు మిమ్ముల బోనెక్కిచ్చి ప్రమాణం జేయించి మీ మాట రాసుకుంటరు, అంటే కండక్టర్ చిల్లర సూసుకున్నట్టు. నిజమే అనిపిస్తే నంబర్ పడ్తది, అప్పుడు మీకు సీటు దొరికినట్టు. సమన్లు అందుకొని అవతలాయన వచ్చిండంటే ఆయన గూడ ఎక్కిండు. ఇగ బండి కదుల్తది."

"ఎప్పుడు చేరుతుంది?"

"గది డ్రైవర్‌కు గూడ తెల్వది."

ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చే ముందు ఆయన నాకు ఒక సలహా ఇచ్చాడు. "సారు తేదీ అడిగితే తేదీ జెప్పుండ్రి. ఆనాడు వాన పడ్డదా, ఎండ కొట్టిందా అని జెప్పకుర్రి." నేను వాన సంగతి కూడా చెప్పాను. ఆ రోజు నాలుగు ఇరవైకి వాన మొదలై మైకు కాసేపు ఆగింది. అది ఆగకపోతే ఆ పెద్దమనిషి ఇంకా ఏమేం అనేవాడో. మేజిస్ట్రేటు గారు కలం పక్కన పెట్టి విన్నారు. తలుపు దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నాడు.

నాలుగో వాయిదాకు నా కేసుకు నంబరు పడింది. మొదటి సమన్లు "ఇంటికి తాళం" అని తిరిగొచ్చాయి. ఆ ఇంటికి తాళం వేయడం నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు. రెండో సమన్లు అందాయి. ఏడో వాయిదాకు కార్యదర్శి వచ్చి, నేరం ఒప్పుకోనని చెప్పి, విచారణ కోరాడు. ఇక అక్కడి నుంచి నేను అటెండర్ పిలుపులు వినడం మొదలుపెట్టాను.

ఆ కోర్టులో ఎవరినైనా మూడుసార్లు పిలుస్తారు. మొదటి పిలుపు కోర్టు గుమ్మంలో, రెండోది వరండా చివర, మూడోది గేటు దగ్గర, రోడ్డుకు ఎదురుగా నిలబడి. మూడో పిలుపుకు ముద్దాయి రాకపోతే సారు వారంటు రాస్తారు, జీపు ఇంటికి వెళుతుంది. నాలాగా ప్రైవేటు ఫిర్యాదు వేసిన మనిషి రాకపోతే ఇంకా సులువు. కేసు కొట్టేస్తారు, ముద్దాయి నిర్దోషిగా ఇంటికి పోతాడు. ఇదంతా మా వకీలు మొదటి రోజే చెప్పాడు. "ఏదైనా మరువుండ్రి టీచరమ్మా, హాజరు మాత్రం మరువకుర్రి" అన్నాడు. నేను దేనినీ మరవను గనక అది నాకు వర్తించదనుకున్నాను.

ఆయన పిలుపుల్లో రకాలున్నాయి. తాగి పట్టుబడినవాళ్ళను బడిలో హాజరు తీసుకున్నట్టు వరసగా, గుక్క తిప్పుకోకుండా పిలిచేవాడు. మొగుడూ పెళ్ళాల కేసుల్లో ఇద్దరి పేర్లూ ఒకే స్వరంతో పిలిచేవాడు, ఒకరి వైపు మొగ్గాడని ఇంకొకరు అనుకోకుండా. డాక్టరు గానీ ఇంజనీరు గానీ సాక్షిగా వస్తే మొదటి పిలుపు చెవిలో చెప్పినట్టే ఉండేది. ఒక విషయం మాత్రం నాకు మొదటి రోజు నుంచీ మింగుడు పడలేదు. ముద్దాయిలందరికీ ఆయన "గారు" తగిలించేవాడు. కోళ్ళు దొంగిలించినవాడు గారు. పేకాడినవాళ్ళు ఏడుగురూ గార్లే. మా కార్యదర్శి కూడా గారు. నేను మాత్రం ఉత్త పేరు.

పదో వాయిదా నాడు నిలదీశాను. "ఏమయ్యా, ఫిర్యాది పేరు పక్కన పెట్టని గారు ముద్దాయికి ఎందుకు?"

"మీకేం తక్కువ టీచరమ్మా? మీరు అన్ని సక్కగున్నయని వచ్చిండ్రు. ఆయనకు ఇజ్జత్ పోయేటట్టున్నది. తీర్పు వచ్చేదాంక గా గారు ఒక్కటన్న ఉండనియ్యుండ్రి. సారు శిక్ష ఏసిన్నాడు నేనే తీసేస్త."

"ఇజ్జత్ పోయింది నాది!"

"పోతే గిట్ల గట్టిగ ఎట్ల మాట్లాడుతరు?" అని వెళ్ళిపోయాడు.

అసలు గొడవ అది కాదు. మా కార్యదర్శికి ఆలస్యంగా రావడం అలవాటు. సంఘం సమావేశాలకూ అంతే. రెండో పిలుపుకు కూడా ఆయన జాడ ఉండేది కాదు. అప్పుడు ఈయన మూడో పిలుపుకని గేటు వైపు బయలుదేరేవాడు. గుమ్మం నుంచి గేటుకు నా అడుగుల్లో అరవై రెండు. నేను ఒక నిమిషంలో నడుస్తాను. ఆయన నడక చూడవలసిందే. వరండాలో ఒకరికి దండం పెట్టి యోగక్షేమాలు అడిగేవాడు. కుండలో నీళ్ళు తాగేవాడు. ఎర్రపట్టీ విప్పి మళ్ళీ కట్టుకునేవాడు. గేటు పక్కన చాయ్ అమ్మే ఆమెను "బిడ్డె మంచిగ సదువుతున్నదా?" అని అడిగి, ఆమె జవాబు పూర్తిగా వినేవాడు. ఆ తర్వాత రోడ్డుకు రెండు వైపులా చూసి గొంతు సవరించుకునేవాడు. అప్పటికి కార్యదర్శి స్కూటర్ రానే వచ్చేది.

నేను గడియారం చూసి రాయడం మొదలుపెట్టాను. తొమ్మిది వాయిదాలకు రెండో పిలుపుకూ మూడో పిలుపుకూ మధ్య ఎంత సమయం పట్టిందో గడులు గీసి, కింద సరాసరి వేశాను. అతి తక్కువ ఎనిమిది నిమిషాలు, అతి ఎక్కువ పంతొమ్మిది. సరాసరి పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఆ కాగితాన్ని శుభ్రంగా తిరగరాసి, సంతకం చేసి, మేజిస్ట్రేటు గారికి ఇచ్చాను.

సారు దానిని రెండుసార్లు చదివారు. పెదవులు బిగించి చదివారు, నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. అటెండరును దగ్గరికి పిలిచి, గోడగడియారం చూపించి, "ఇకనుంచి రెండో పిలుపు అయిన ఐదు నిమిషాలకు మూడో పిలుపు మొదలుపెట్టాలె. ఎవరికైనా సరే. తప్పితే మెమో ఇస్త" అన్నారు. మెమో అంటే ఆయనకు మాటలు కాదు. రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలే ఉంది.

నా మీద కోపం వస్తుందనుకున్నాను. మధ్యాహ్నం వరండాలో నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"టీచరమ్మా, గా కాయితం జిరాక్స్ ఒకటి ఇస్తరా?"

"ఎందుకు?"

"ముప్ఫై ఏండ్ల సంది పని జేస్తున్న. ఎవ్వలు గింత మంచిగ నా పనిని చూడలే. మా ఇంటామెకు జూపిస్త. ఆమె నేను కోర్టుల కూసొని నిద్రపోతున్ననుకుంటది."

మర్నాటి నుంచి మూడో పిలుపు గడియారం ప్రకారం నడిచింది. మా కార్యదర్శికి ఒక వారంటు పడింది. నాకు తృప్తిగా ఉంది. ఇంకో ఇద్దరికి, పాపం కూలిజనానికి, కూడా పడ్డాయి. అది నేను రాసుకున్నాను, కానీ దాని గురించి ఆలోచించలేదు.

ఇరవై నాలుగో వాయిదా నాది. అంటే నేను బోనెక్కి, కార్యదర్శి తరఫు వకీలు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన రోజు. ఆ రోజు లిస్టులో మొదటి కేసు మాదే. మా వకీలు కరీంనగర్ జిల్లా కోర్టులో పని చూసుకొని పదకొండున్నరకు వస్తానన్నాడు. "మీరుంటే సాలు" అన్నాడు. నేను ఎప్పటిలాగే గంట ముందు చేరే బస్సు ఎక్కాను. రైల్వే గేటు పడింది. బొగ్గు గూడ్సు. వ్యాగన్లు యాభై తొమ్మిది లెక్కపెట్టాను. అది పోయాక గేటు ఎత్తుతారనుకుంటే అటు నుంచి ఖాళీ గూడ్సు వచ్చి సగంలో ఆగింది. అలా ఆగిన బండిని నేను చేతి గడియారంతో అరవై ఒక్క నిమిషాలు చూశాను.

లెక్క నా ముందే ఉంది. పదిన్నరకు సారు కూర్చుంటారు. రెండో పిలుపు పదీ ముప్ఫై ఐదుకు అయిపోతుంది. ఐదు నిమిషాలకు మూడోది. ఆ ఐదు నిమిషాలు నేను స్వయంగా, సరాసరి వేసి, సంతకం చేసి తెచ్చుకున్నవి. అవి అయిపోతే కేసు లేదు. మైకులో అన్న మాట అట్లాగే ఉండిపోతుంది, కార్యదర్శి నిర్దోషి అని కాగితం తెచ్చుకొని దానికి అద్దం కట్టించుకుంటాడు. నా పక్క సీటామె "ఏమైందమ్మా, గట్ల జెమటలు పడ్తున్నయి?" అని అడిగింది. "ఐదు నిమిషాలు" అన్నాను. ఆమెకు ఏం అర్థమైందో, నీళ్ళ సీసా ఇచ్చింది.

బస్టాండులో దిగి ఆటో పట్టుకున్నాను. కోర్టు సందు మలుపు తిరిగేసరికి పదీ నలభై ఎనిమిది. అయిపోయిందనుకున్నాను. అప్పుడే ఆయన గొంతు వినిపించింది.

"...భార్య, వయస్సు డెబ్బై ఒకటి, విశ్రాంత గణిత ఉపాధ్యాయిని, పాత ఇంటి నంబరు..."

పాత ఇంటి నంబరు తర్వాత కొత్త ఇంటి నంబరు చదివాడు. పశువుల దవాఖాన వెనక అన్నాడు. తూర్పు వాకిలి అన్నాడు. నీలం రంగు గేటు అన్నాడు. పిన్‌కోడు అంకెలను ఒక్కొక్కటిగా, మధ్యలో గాలి పీల్చుకుంటూ చదివాడు. ఇవన్నీ నేనే ఫిర్యాదులో రాయించాను. అంత వద్దని మా వకీలు మొత్తుకున్నా వినలేదు.

ఆయన గేటు మధ్యలో కాళ్ళు ఎడంగా పెట్టి, నా ఫిర్యాదు మొదటి పేజీని రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు. చుట్టూ జనం. కార్యదర్శి ఆ రోజు ముందే వచ్చి ఉన్నాడు, ఖర్మ.

"ఏందయ్యా ఇది, పిలుపా పురాణమా?" అని కార్యదర్శి అరుస్తున్నాడు.

"కాయితంల ఉన్నదే సదువుతున్న గారూ. నేను ఒక్క అక్షరం కలుపలే."

"పేరు పిలిస్తే సాలు గదా!"

"ఒకే పేరుతోని ఇద్దరుంటే? రేపు తప్పు మనిషి హాజరైతే మెమో నాకా, మీకా?" అని పేజీ తిప్పి, ఇంకా గొంతు పెంచాడు. "పుట్టిన తేదీ!"

అని నా పుట్టిన తేదీ చదివాడు. రోజు, నెల, సంవత్సరం. బడి రిజిస్టరులో వరస సంఖ్య. పదో తరగతి మెమో నంబరు. రోడ్డు అవతల ఎరువుల దుకాణం దాకా వినిపించేలా చదివాడు. ఆ తేదీని ఇక్కడ రాయడం లేదు. అచ్చులో ఒక అంకె తప్పు పడితే నేను మళ్ళీ కోర్టుకు వెళ్ళవలసి వస్తుంది.

నేను ఆటో దిగి నిలబడిపోయాను. చాయ్ అమ్మే ఆమె నన్ను చూసి గరిటె ఊపింది. "వచ్చింది, కాకా! వచ్చింది!"

ఆయన నన్ను చూశాడు. వెంటనే ఆపలేదు. మెమో నంబరులో చివరి రెండు అంకెలు మిగిలితే అవి కూడా చదివి, కాగితం మడిచి, "హాజర్!" అన్నాడు. ఆ తర్వాత తగ్గు గొంతుతో, "మీ ఇల్లు ఇంకో రెండు గల్లీలు అవతలుంటే బాగుండు టీచరమ్మా. నా గొంతు పోయింది" అన్నాడు.

లోపల కార్యదర్శి వకీలు లేచి అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేటు గారు అటెండర్ వైపు తిరిగారు. "మూడో పిలుపు ఎప్పుడు?"

"ఐదు నిమిషాలకు ఠంచన్‌గ మొదలువెట్టిన సార్. గడియారం చూసుకున్న. ఎప్పటికి అయిపోవాలెనో మీరు జెప్పలే."

సారు నా వైపు తిరిగారు. "అమ్మా, మీరు సమయాలు రాసుకుంటారు కదా. మీ పుస్తకంలో ఏముంది?"

కోర్టంతా నా వైపు చూసింది. ఆయన మాత్రం గోడగడియారం వైపు చూస్తున్నాడు. చెవుల వెనక చెమట కనిపించింది. పద్నాలుగు నెలల్లో అప్పటికి ఆరు మిగిలాయి.

"నేను వచ్చేసరికి పిలుపు పూర్తి కాలేదు సార్" అన్నాను. "పూర్తి కానిదానికి సమయం రాసే అలవాటు నాకు లేదు."

అందులో అబద్ధం ఒక్క మాట లేదు. సారు నా హాజరు వేశారు.

ఆ రోజు కార్యదర్శి వకీలు నన్ను గంటసేపు ప్రశ్నించాడు. చివరికి, "మీరు పుట్టినప్పుడు తేదీ రాసుకున్నదెవరు? మీరు చూశారా? మీరు అక్కడున్నారా?" అని అడిగాడు.

"నేను ఉన్నాను. మీరే లేరు" అన్నాను.

"సైలెన్స్!" అని ఆయన తలుపు దగ్గర అరిచాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే.

తర్వాత ఏడు వాయిదాలు నడిచాయి గానీ నాకు వాటి మీద పట్టు పోయింది. బస్సులో ఎవరో ఒకరు నా పుట్టిన తేదీ నాకే అప్పజెప్పేవారు. చాయ్ ఆమె నా పుట్టినరోజున నాకు శుభాకాంక్షలు చెప్పింది, డబ్బు తీసుకోలేదు. చివరికి కార్యదర్శి రాజీకి వచ్చాడు. సంఘం సభలో, అదే మైకులో, అన్నది తప్పని చెప్పాడు. ఈసారి కుర్చీలు అన్నీ నిండాయి. ముప్ఫై ఒకటో వాయిదాకు ఇద్దరం సంతకాలు పెట్టాం, కేసు అయిపోయింది.

ఆ రోజు నేను తొమ్మిది మెట్లూ దిగుతున్నాను. ఆయన గేటు దగ్గర మూడో పిలుపులో ఉన్నాడు. పొలం గట్టు గొడవలో ఎవరినో కొట్టిందని కేసున్న ఒక ఆడమనిషిని పిలుస్తున్నాడు. బస్సు పోని ఊరు. కాగితం మీద ఆమె పేరు, ఊరి పేరు, అంతే. ఇంటి నంబరు లేదు, తండ్రి పేరు లేదు. ఒక్క గుక్కలో పిలుపు అయిపోయింది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, వెనక ఏమైనా రాసి ఉందేమోనని. ఏమీ లేదు. రోడ్డు ఖాళీగా ఉంది. గుమ్మంలో కోర్టు కానిస్టేబుల్ చేతులు కట్టుకొని చూస్తున్నాడు.

నేను గొడుగు మూసి ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏమయ్యా, ఏ ఊరన్నావు? నాకు సరిగ్గా వినపడలేదు" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తర్వాత ఊపిరి పీల్చి మళ్ళీ పిలిచాడు.

"పేరు వినపడింది గానీ ఊరు వినపడలేదు" అన్నాను.

మళ్ళీ పిలిచాడు.

"ఊరు వినపడింది. పేరేమన్నావు?"

అలా ఆరుసార్లు వినపడలేదన్నాను. ఏడోసారి నోరు తెరిచేలోపు, మలుపులో ఒక ఆమె చెప్పులు చేత్తో పట్టుకొని పరుగెత్తుకుంటూ, "ఉన్న సారూ, నేనున్న!" అని అరుస్తూ కనిపించింది.